మనుమలతో వేసవి



ఈ దినమున నేను చెప్పబూనిన విషయము మీరెఱుగనిది కాదు. ఏటేట ఏప్రిల్ మాసము చివర బడులు మూయగానే, పట్టణములందున్న మన కుమారులును కుమార్తెలును తమ పిల్లలను తెచ్చి మన యిండ్లలో దింపి పోవుదురు. మరల జూన్ రెండవ వారమున బడులు తెఱచువఱకు, అనగా సుమారేడు వారములు, ఆ పిల్లల భారము మనది. తల్లిదండ్రులు ఉద్యోగస్థులు, వారికి నాలుగు దినములు సెలవు దొరకుటయే గగనము. కావున అఱువదియేండ్లు దాటిన మనము, సంవత్సరములో మిక్కిలి కఠినమైన ఋతువునందు, మిక్కిలి సుకుమారులైన ప్రాణులకు కావలి కాయవలసి వచ్చుచున్నది. ఇది పండుగవలె కనబడును. నిజమే, పండుగయే, కాని కావలి గూడ.

మా యింటికి వచ్చువారు ఇద్దఱు. మా అమ్మాయి బిడ్డలు, హైదరాబాదులో చదువుకొనుచున్నారు. పెద్దవానికి ఏడేండ్లు, చిన్నదానికి నాలుగు. నేను ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయుడనై బడిపిల్లల నడుమ గడపితిని. బడిలో నలువది మందిని కూర్చుండబెట్టుట సులభము. ఇంటిలో ఇద్దఱిని మధ్యాహ్నము రెండుగంటల వేళ కూర్చుండబెట్టుట యెంత పనియో ఉద్యోగ విరమణము పిమ్మటనే తెలిసినది.

గ్రీష్మమను మాటకు, రసములు గ్రసింపబడు కాలమని యాస్కుడు నిరుక్తమున వ్యుత్పత్తి చెప్పినాడు. శాస్త్రము ప్రకారము జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము. చైత్ర వైశాఖములు వసంతము. మన దేశమున మాత్రము వైశాఖము ప్రవేశింపగానే వసంతము పాఱిపోవును. ఆ లెక్క కట్టిన పెద్దలు రెంటచింతలలో నొక వైశాఖము గడపియుండరని నా యనుమానము. అది యటుండనిండు. చెఱువులోని నీటిని, ఆకులోని పసరును, నేలలోని తడిని గ్రసించు నెండ, బిడ్డ యొంటిలోని నీటిని విడిచిపెట్టదు.

ఈ సంగతి కుండను జూచిన తెలియును. క్రొత్త మట్టికుండలో నీరు పోసినచో సన్నని రంధ్రములగుండ కొంచెము నీరు పైకి ఊరి ఆవిరియై పోవును. పోవునపుడు లోనివేడిని తనతో గొనిపోవును. అందుచే మిగిలిన నీరు చల్లబడును. మన శరీరమును అట్టి కుండయే. చెమట ఊరి ఆవిరియై పోవుటచేతనే బయటి వేడికి ఓర్చుకొనుచున్నాము. గాలిలో తేమ నిండిన దినమున కుండనీరు చల్లబడదు; సముద్రతీర గ్రామములవారు దీనిని బాగుగ నెఱుగుదురు. అట్టి దినమున చెమట కాఱునే కాని ఆఱదు. వట్టివేళ్ల తడికలు పొడిగాలి వీచు మెట్టసీమలలో ఇంటిని చల్లబఱచినట్లు తీరమున చల్లబఱచకుండుటకును కారణమిదియే. కావున, మాకు 38 డిగ్రీలే గదా, పల్నాటిలో 45 గదా యని తీరమువారు నిశ్చింతగ నుండరాదు. తేమతో గూడిన 38 డిగ్రీలు కొన్ని దినములలో అంత బాధయు కలిగించును.

పిల్లల కుండ మఱింత చిన్నది. వారికి చెమట మనకంటె తక్కువ పట్టును. శరీరపు బరువుతో పోల్చిన చర్మపు వైశాల్యమెక్కువగుటచే బయటివేడి వేగముగ లోనికెక్కును. అన్నిటికంటె ముఖ్యమైనది, వారడుగరు. ఆటలో పడిన బిడ్డకు దాహము జ్ఞప్తికి రాదు. నాలుగేండ్ల పిల్ల తల నొచ్చుచున్నదని చెప్పదు. చిరాకు పడును, అంతే. మన సంగతియు దీనికి భిన్నము కాదు. వయస్సు మీఱిన కొలది దాహమును తెలిసికొను శక్తి తగ్గును. అనగా వేసవి మధ్యాహ్నమున ఇంటిలో మిగిలిన ముసలివాడును పసిబిడ్డయు, ఇద్దఱును దాహమడుగనివారే. అందుచేత మా యింట నొక నియమము పెట్టుకొంటిమి. గడియారము గంట కొట్టినపుడెల్ల చిన్నదానికొక చిన్న గ్లాసు, పెద్దవానికొక గ్లాసు, నాకొక గ్లాసు. నీరో, మజ్జిగయో, అంబలి తేటయో. దాహమున్నదా యని ఎవ్వరిని అడుగుట లేదు. అడిగినచో ముగ్గురమును లేదనియే చెప్పుదుము.

ఈ నియమము ఊరక పుట్టలేదు. నిరుడు వైశాఖమున బంధువుల యింట వివాహమునకు పోయి, పిల్లలతో బస్సులో తిరిగి వచ్చుచుంటిమి. ఒంటిగంట వేళ, చెట్టునీడ లేని చోట బస్సు చెడిపోయినది. వేఱొక బస్సు వచ్చునని చెప్పిరి. రెండు గంటలైనను రాలేదు. తెచ్చుకొన్న నీరు అయిపోయినది. పెద్దవాడు ఏడ్చెను, పోరు పెట్టెను, ఐసు కావలెనని కాళ్లు నేలకు కొట్టెను. చిన్నది మొదట కొంత గునిసి, పిమ్మట అమ్మమ్మ తొడపై తలపెట్టి ఊరకుండెను. ప్రక్కనున్నామె, "మీ మనుమరాలు ఎంత బుద్ధిమంతురాలండీ! అల్లరే లేదు" అని మెచ్చుకొనెను.

మా యింటిది ఆ మెప్పునకు సంతోషింపలేదు. పిల్ల పెదవులు తడిమి చూచెను. ఎండియున్నవి. కన్నులు లోనికి పోయినట్లుండెను. నాతో మెల్లగా, "ఇది ప్రొద్దుటినుండి ఒంటికి పోలేదు. ఇట్లు కూర్చుండుట కాదు, లెండి" అనెను. ఇద్దఱము పిల్లలను గొడుగు క్రింద నుంచుకొని, రెండు ఫర్లాంగుల దూరమున కనబడుచున్న పాకహోటలునకు నడచితిమి. అక్కడ పిల్ల బట్టలు విప్పి, చెంగు తడిపి ఒడలంతయు తుడిచి, తాటాకు విసనకఱ్ఱతో విసరుచు, ఉప్పును చక్కెరయు కలిపిన నీటిని చెంచాతో కొంచెము కొంచెముగ త్రాగించినది. ఒక్కమాఱుగ గ్లాసెడు పోయలేదు. పోసిన వాంతియగునని ఆమెకు తెలియును. ముప్పావుగంట గడచినది. అపుడు చిన్నది కన్నులు తెఱచి, తన చెప్పులు బస్సులో నున్నవని జ్ఞప్తికి వచ్చి, బిగ్గరగా ఏడ్చెను. కన్నీరు కారెను. ఆ కన్నీరు జూచి మా యింటిది గట్టిగా ఊపిరి తీసి, "ఇక భయము లేదు" అనెను. నేను ముప్పదియైదేండ్లు పాఠములు చెప్పితిని. కాని ఆ గంటలో నేర్చిన పాఠమునకు గురువు ఆమెయే.

ఆమె చూచిన గుర్తులను మీరును చూడవచ్చును. నోరెండుట, కన్నీరు లేక ఏడ్చుట, అయిదాఱు గంటలు మూత్రము రాకుండుట, వచ్చినను ముదురు పసుపుగ నుండుట, అన్నిటికి మించి అల్లరిపిల్ల అకస్మాత్తుగ సద్దుమణగుట. ఇంతవఱకు మన చేతిలోని పని. ఒక లీటరు శుభ్రమైన నీటిలో అరచెంచా ఉప్పు, ఆఱు చెంచాల చక్కెర కలుపవలెను. చెంచా యనగా కాఫీలో చక్కెర వేసికొను చిన్నచెంచా. కుప్పగ గాక మట్టముగ కొలువవలెను. ఉప్పు హెచ్చినచో మేలుకు మాఱు కీడగును. మందుల దుకాణములలో దొరకు ఓఆర్‌ఎస్ పొట్లమైనచో దానిపై వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. పొదుపు కొఱకు సగము పొట్లమును అందాజుగ గ్లాసులో వేయుట కొందఱి యిండ్లలో చూచితిని, అది తగదు.

వడదెబ్బ వేఱు. ఒడలు నిప్పువలె కాలుచు, వేడి 104 డిగ్రీలకు చేరి, మనుష్యుడు సందుమాటలాడినను, స్పృహ తప్పినను, మూర్ఛవచ్చినను, అది యింటి వైద్యమునకు లొంగునది కాదు. వెంటనే 108 నంబరునకు ఫోను చేయవలెను. బండి వచ్చులోపల నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒడలంతయు నీటితో తడిపి విసరుచుండవలెను. మెడ, చంకలు, గజ్జలయందు తడిగుడ్డలుంచవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. జ్వరపు మాత్ర దీనికి పనిచేయదు, ఏలన ఇది జ్వరము కాదు. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి మరణించిరి. వారిలో పెక్కురు వృద్ధులును, ఎండలో పనిచేయు కూలివారును. కావలి కాయువాడు తన్ను గూడ కాచుకొనవలెనని చెప్పుటకే దీనిని జ్ఞాపకము చేసితిని.

ఇక ఉల్లిగడ్డ సంగతి. జేబులో ఉల్లిగడ్డ యున్నచో వడ తగులదని మనవారి నమ్మకము. ఉల్లిగడ్డవలన కీడు లేదు. ఉల్లిగడ్డ యున్నదిగదా యని నీరు మానుట కీడు. ఎండనుండి వచ్చిన పిల్లవానికి వెంటనే నీరీయరాదనియు కొందఱందురు. గడగడ ఒక్క గుక్కలో త్రాగనీయకుండుట మంచిదే. గ్రుక్క గ్రుక్కగ ఈయవలెనే కాని, వాని గొంతు ఎండగట్టుట యెందులకు? పెద్దలు చెప్పిన వన్నియు త్రోసివేయుమని నా మతము కాదు. శ్రీరామనవమికి పానకము, వడపప్పు పంచుట చూడుడు. నానిన పెసరపప్పు, బెల్లపు నీరు, మిరియము, ఏలకి. వడకాలపు పప్పు గనుక వడపప్పని చెప్పుదురు. ఎండ ముదురుటకు ముందే పిల్లలకు ఆ రుచి మప్పినవారు తెలివి లేనివారు కారు.

మా యింట దినచర్య ఎండను బట్టి నడచును. తెల్లవాఱకమునుపే లేచి, తొమ్మిదింటికి బయటి పనులును బయటి యాటలును ముగింపవలెను. పదింటినుండి నాలుగింటివఱకు గడప దాటరాదు. గడప దాటరాదని చెప్పుట సులభము. ఏడేండ్ల పిల్లవాని చేతులకు పని లేనిచో ఆ యాజ్ఞ అరగంట నిలువదు. నీటి విషయమున చెప్పినదే ఇక్కడను, అడుగకమునుపే ఈయవలెను.

ఆవకాయ పెట్టు దినములలో కష్టము లేదు. కొట్టిన మామిడిముక్కలలోని జీడి తీసి, టెంకనంటిన పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడుచుట పిల్లల పని. తడి యున్నచో ఊరగాయ బూజుపట్టునని అమ్మమ్మ చెప్పినది మొదలు పెద్దవాడు ఒక్కొక్క ముక్కను వెలుగున పట్టి పరీక్షించును. చిన్నది తుడిచినదానికంటె తిన్నది యెక్కువ. కారము కలుపు నపుడు మాత్రము ఇద్దఱిని అవతలకు పంపుదుము. కలిపిన బేసినులో వేడియన్నము వేసి, నూనె పోసి కలిపి ముద్దలు పెట్టునపుడు పిలువకయే వత్తురు.

మఱియొక దినమున తాటిముంజెల గెల వచ్చినది. కాయకు మూడు ముంజెలు. పిల్లలిద్దఱు. లెక్క మీకు తెలిసినదే. ఒక కాయ కొట్టి మూడింటిని తీసి పళ్లెములో నుంచగానే యుద్ధము మొదలైనది. పెద్దవాడు తాను పెద్దవాడు గనుక రెండు తనవనెను. చిన్నది తాను చిన్నది గనుక రెండు తనవనెను. ధర్మశాస్త్రములు చదివినవాడను గదా, దాయభాగము చెప్పుదమని నేను సిద్ధపడితిని. మూడవదానిని రెండు ముక్కలు చేసిన లోని నీరు కాఱిపోవునని పెద్దవాడు ముందే ఆక్షేపించెను, ఆక్షేపణ సబబే. ఇంతలో చిన్నది పళ్లెము లాగికొని, "అమ్మమ్మకు ముందు పళ్లు లేవు గదా తాతయ్యా, మెత్తనిది అమ్మమ్మకు" అని ఒకటి తీసి వంటయింటిలోనికి పరుగెత్తెను. తీర్పు అయిపోయినది. ధర్మశాస్త్రము మూసి వేసితిని. తిన్న పిమ్మట ఆ ఖాళీ కాయలు రెండింటికి నడుమ పుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱ తగిలించి బండి చేసి యిచ్చితిని. హైదరాబాదులో వానికి కీ యిచ్చిన పరుగెత్తు కార్లున్నవి. అయినను సాయంకాలము వఱకు ఈ బండి విడువలేదు. ముదిరిన ముంజెలు మాత్రము పిల్లలకు పెట్టకుడు, కడుపునొప్పి వచ్చును.

పనియు పండును లేని దినములే యెక్కువ. అపుడు వామనగుంటల పీట దింపుదుము. పదునాలుగు గుంటలు, చింతగింజలు. గింజలు పంచుకొనుచు పోవుటలో కూడికయు తీసివేతయు తామే వచ్చును. పలకపై చెప్పిన రానివానికి గింజలపై వచ్చుట చూచితిని. పెద్దవానికి పులిజూదము ప్రియము. మూడు పులులు, పదునైదు మేకలు. మొదట ఎల్లపుడు పులియే కావలెననెడివాడు. మేకలు కూడియున్న పులిని కట్టివేయవచ్చునని తెలిసిన పిమ్మట మేకల పక్షము చేరెను.

సెల్‌ఫోనును గూర్చి మీరడుగుదురు. అది లేదని చెప్పిన అబద్ధమగును. మూడు గంటలకు అరగంటసేపు చూడనిత్తుము. ఆ సమయమున వారి తల్లితో మాటలాడుటయు అందులోనే. భోజనము వేళ మాత్రము కూడదు. ఫోను చూచుచు తినుబిడ్డ ఏమి తినెనో వానికే తెలియదు. ఈ విషయమున మా అల్లునికిని నాకును అభిప్రాయభేదము కలదు. ఆయన వేసవి తరగతులలో చేర్పింపుమనును. సంవత్సరము పొడవునను తరగతులలో నున్న పిల్లవానికి ఏడు వారములు గుంటలు, గింజలు, గోడమీది బల్లి చాలునని నా పక్షము.

సాయంకాలము గడప దాటిన పిమ్మట కావలి మఱింత అవసరము. మాది గోదావరి డెల్టాలోని పల్లె. ఏటేట వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అంతకు ముందే మంచినీటి చెఱువులు నింపుకొందుము. కట్టివేసిన కాలువ చూచువారికి ఇసుకయు బురదయు తప్ప మఱేమియు కానరాదు. కాని లాకుల దగ్గఱను, తూముల క్రిందను ఏటి పొడవునను నీరు దూకిన వేగమునకు గోతులు పడియుండును. చీలమండలోతు నీటిలో నడచు పిల్లవాడు ఒక్క అడుగు వేసినంతనే నిలువెత్తు గోతిలో పడును. మెట్టయూళ్లలో ఎండిన చెఱువులనుండి మట్టి త్రవ్విన గోతులును ఇట్టివే. పల్లెబిడ్డలకు ఆ చోట్లు తెలియును. పట్టణపు బిడ్డకు తెలియవు, తెలియదని చెప్పుకొనుటకు నామోషి. మునుగువాడు కేకలు వేయునని మనము చెవియొగ్గి కూర్చుందుము. కేక వేయుటకు వానికి ఊపిరి యుండదు. చప్పుడు లేకుండ మునుగును. కావున చెవితో గాక కంటితో కావలి కాయవలెను. పిల్లలు వచ్చిన మొదటి సాయంకాలముననే చేయిపట్టుకొని పోయి ఆ గోతులన్నిటిని చూపింతును. పొడవైన వెదురుగడ ముంచి లోతు చూపింతును. పెద్దవానికి ఈత గూడ నేర్పించుచున్నాము, తెల్లవాఱుజామున, ఈత వచ్చిన ఇద్దఱు యువకుల నడుమ.

క్రొత్తగ వచ్చిన అపాయమొకటి కలదు. ఇపుడు పల్లెలలో గూడ ప్రతి వీథిని కార్లు నిలిచియుండును. దాగుడుమూతలాడు పిల్లలు తాళము వేయని కారులో దూరి తలుపు లాగికొందురు. లోపలినుండి తెఱచుకొనుట తెలియదు. ఎండలోనున్న కారు కొన్ని నిమిషములలోనే పొయ్యివలె కాలును. ఇట్లు పిల్లలు చనిపోయిన వార్తలు వేసవిలో పత్రికలయందు చదువుచునే యున్నాము. కారు కలవారు తాళము వేయుట మఱవకుండుడు; పిల్లవాడు కనబడనిచో చెఱువుతోపాటు కార్లను గూడ వెదకుడు.

రాత్రి మాకు డాబాపై పడక. పగలంతయు త్రాగిన వేడిని డాబా రాత్రి క్రక్కును గనుక, ప్రొద్దు క్రుంకగానే నాలుగు బిందెల నీరు చల్లుదుము. ఆ తడిసిన సిమెంటు వాసనకే చిన్నది పైకి పరుగెత్తి వచ్చును. మే నెలాఖరున తొమ్మిదింటికి నడినెత్తిన స్వాతి, దానికి దక్షిణముగ చిత్త, ఉత్తరమున సప్తర్షులు, ఆగ్నేయమున వృశ్చికమును, దాని గుండెలో ఎఱ్ఱని జ్యేష్ఠయు కనబడును. వసిష్ఠుని ప్రక్కన అరుంధతిని పెద్దవాడు నాకంటె ముందు చూచును. నాకు కంటిపొర వచ్చిన దోషము.

మొన్న ఒక రాత్రి వాడు, "తాతయ్యా, రోహిణి కార్తె వచ్చిందంటిరి గదా, మఱి రోహిణి యేదీ?" అని యడిగెను. మే 25వ తేదీ ప్రాంతమున సూర్యుడు రోహిణీ నక్షత్రమున ప్రవేశించును గనుక ఆ పేరు వచ్చినదనియు, సూర్యునితో గూడియున్నందున ఆ నక్షత్రము ఇపుడు పగటివేళ ఆకాశముననుండి, రాత్రి కానరాదనియు చెప్పితిని. "అయితే పగలంతా మన నెత్తిమీదే ఉన్నదా?" అనెను. ఉన్నదంటిని. మఱి యెప్పుడు చూపెదవనెను. కార్తిక మాసమున, దీపములు పెట్టిన కొంతసేపటికి తూర్పున ఎఱ్ఱగా లేచును, అపుడు నీవు హైదరాబాదులో నుందువంటిని. వాడు కొంచెముసేపు లెక్క చూచుకొని, ఆ దినమున ఫోను చేయుమనియు, తమ యింటి డాబా తాళము తాను అడిగి యుంచుకొందుననియు చెప్పెను. చిన్నది అప్పటికే నిద్రపోయినది.